ముల్లు ఆగిన చోటు

తెనాలినుంచి బయలుదేరిన రైలు రేపల్లె వచ్చి ఆగితే ఇక ముందుకు పోవడానికి పట్టాలు లేవు. ఆవల ఉన్నవన్నీ చేలు, కాలవలు, మడ అడవులు, ఆపైన సముద్రం. ఊరి చివర రైలు ఆగడం చాలా ఊళ్లలో ఉన్నదే కాని, రైలు చివర ఊరు ఉండటం రేపల్లెకు చెల్లింది. అటువంటి ఊళ్లో పుట్టినవారికి ఒక నమ్మకం ఉంటుంది: వెళ్లినవాళ్లు తిరిగి రావాలంటే, వెళ్లిన ఆ దారినే రావాలి. మైకుసెట్టు బర్నబాసు కూడా అలాగే నమ్మి, ఏళ్ల తరబడి తెనాలి బండి వచ్చే వేళకు దుకాణం గడపలో నిలబడేవాడు.

అతడు ఎదురుచూసింది మేనకోడలు కుసుమకుమారి కోసం. ఆమె సింగపూరులోనూ, హాంకాంగులోనూ, జపానులోనూ వేలాది జనం ఎదుట ఆడి పాడే మనిషి అయిందని ఊరంతా ఎరుగును. బర్నబాసుకు కావలసింది ఆ పేరుప్రతిష్ఠలు కావు. ఆమె తనను క్షమించిందా, లేదా? ఆ ఒక్క సంగతి ఆమె గొంతులోనే, తన చెవులతోనే వినాలి. చెవులేమో ఏటికేడాది మూతపడుతూ వచ్చాయి.

స్టేషను రోడ్డులో అతని దుకాణం. రెండు హారన్లు, ఒక యాంప్లిఫయరు, లారీ బ్యాటరీ ఒకటి, కీ తిప్పే గ్రామఫోను, కొయ్యపెట్టె నిండా ప్లేట్లు, ఇదీ ఆస్తి. రికార్డులను ఆ రోజుల్లో ప్లేట్లనే అనేవారు. పెళ్లికీ, ఎన్నికల సభకూ, గుడ్‌ఫ్రైడే ప్రార్థనకూ, అమ్మవారి కొలుపుకూ అవే హారన్లు. తాటిచెట్టుకు కట్టిన హారను ఎంతదూరం వినపడితే పెళ్లి అంత గొప్పది. ఆ గొప్పతనమంతా ముందుగా చెట్టు మొదట్లో కూర్చున్న బర్నబాసు చెవుల్లో దూరి, ఆ తరవాతనే ఊళ్లకు చేరేది. పరులకు వినిపించడమే వృత్తిగా గలవాడికి వినికిడి పోవడం విధి వెటకారమని కొందరంటారు. కొలిమి ముందు కూర్చున్నవాడి చేతికి బొబ్బలెక్కితే దాన్ని వెటకారమనము గదా! ప్రతి వృత్తీ తన కూలి తాను రాబట్టుకుంటుంది.

కుసుమ అతని చెల్లెలు నాగమ్మ కూతురు. తండ్రి నిజాంపట్నంలో పడవెక్కి చేపలకు వెళ్లి తిరిగి రాలేదు. నాగమ్మ ఆ తరవాత ఎంతోకాలం బతకలేదు. ఆ పిల్ల బర్నబాసు ఇంట, అతని కొడుకు ఆదాముతోపాటు, హారన్ల నీడన పెరిగింది.

ఒక ఏడు తిరునాళ్లకు కూచిపూడి భాగవతులు వచ్చి ఆడారు. వారిలో ఒకరు ఇత్తడి పళ్లెం అంచుమీద నిలబడి, పళ్లెంతో సహా వేదికంతా కలయదిరిగారు. మైకు పెట్టింది బర్నబాసే కనుక, కుసుమ వేదిక మెట్టుమీదనే కూర్చుని ఆ పాదాలను కన్నార్పకుండా చూసింది. మర్నాడు దుకాణంలో ఎవరూ లేని సమయం చూసి, ఇత్తడి పళ్లెం దొరకక, గుండ్రంగా ఉన్నది చాలుననుకుని, గ్రామఫోను ప్లేటు ఒకటి నేలమీద పరిచి దాని అంచుమీద ఎక్కింది. లక్కతో పోసిన ప్లేటు పదేళ్ల పిల్లను మాత్రం మోయగలదా?

బర్నబాసు వచ్చేసరికి పిల్ల గోడవారన నిలబడి ఏడుపుకు సిద్ధంగా ఉంది.

"ఏంటమ్మా ఇది?"

"పళ్లెం మీద ఆడదామని, మామయ్యా."

"ఆడావా మరి?"

"ఒక్కడుగే. రెండోది వెయ్యబోతే టక్కుమంది."

"ఈసారి మీ అత్త దిబ్బరొట్టె కాల్చినప్పుడు దాని మీదెక్కు. అదైతే చచ్చినా పగలదు."

లోపలినుంచి అతని భార్య మంగాయమ్మ, "నా రొట్టె జోలికొచ్చారంటే ఇద్దరికీ ఇయ్యాళ పస్తే!" అన్నది. ఏడవబోయిన పిల్ల నవ్వేసింది.

ప్లేటు ముక్కలు కాలేదు. అంచునుంచి నడుమదాకా వెంట్రుకంత బీట పడింది. పాట పాడుతుంది కాని, రెండో చరణం మధ్యలో గ్రామఫోను ముల్లు ఆ బీటకు తట్టుకుని, అర మాటను పట్టుకుని అక్కడే తిరుగుతుంది. బర్నబాసు చిటికెనవేలితో ముల్లును సుతారంగా ఎత్తి దాటించేవాడు. ఈలోగా ఆ అర మాటకే కుసుమ ఒక ఆట కట్టింది: కుడిపాదం నేలకు కొట్టి గిరుక్కున తిరగడం, మళ్లీ అదే పాదం, అదే తిరుగుడు. ముఖం మాత్రం తిరిగిన ప్రతిసారీ వేరు. ఒకమారు కోపం, ఒకమారు సిగ్గు, ఇంకొకమారు వెక్కిరింత. చాలించాలనిపించినప్పుడు మామవైపు చూసి, "మామయ్యా, తియ్యి!" అని కేకవేసేది. వేలు కదిలేది. పాట సాగేది.

పదహారో ఏట ఆమె తెనాలి రికార్డు డాన్సు మేళంలో చేరింది; మైకు మామదే, ఆట ఆ బీట ప్లేటుకే. ఈ 'రికార్డు డాన్సు' అనే సమాసానికి విగ్రహవాక్యం చెప్పవలసివస్తే, రికార్డు కొరకు డాన్సా, రికార్డు వలన డాన్సా, రికార్డు యొక్క డాన్సా అని విభక్తులు తమలో తాము కలహించుకుంటాయి. కుసుమ ఆట చూసినవారికి ఆ సందేహం ఉండదు. అది రికార్డు తోడి డాన్సు. ఒకరు తప్పటడుగు వేస్తే మరొకరు సర్దుకునే స్నేహం అది. తెనాలి ప్రేక్షకులంటే ఆషామాషీ జనం కారు. పద్యంలో రాగం పక్కకు పోతే కూర్చున్నచోటునుంచే సరిదిద్దేవారు. అంతటివారు కూడా ముల్లు తట్టుకున్న చోటును కావాలని కట్టిన ఘట్టమనుకుని వన్స్‌మోర్ కొట్టారు. మేళం యజమాని కోటేశ్వరరావు ముచ్చటపడి, బీట లేని కొత్త ప్లేటు కొని తెచ్చాడు. కుసుమ ఒకసారి విని తిరిగి ఇచ్చేసింది.

"ఇది నాకు పనికిరాదు బాబాయ్. ఎక్కడా ఆగదు."

కథ ఇక్కడే ఆగినా బాగుండేది. ఆ సంవత్సరమే ఆదాముకు బాపట్లనుంచి సంబంధం కుదిరింది. పిల్ల తండ్రి బడిపంతులు, భక్తిపరుడు. చర్చిలో వరుసగా మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివితే గాని పెళ్లి జరగదు. ఆ ప్రకటన చదివించవలసిన సంఘ పెద్ద దేవసహాయం బర్నబాసు దుకాణానికి వచ్చి బల్లమీద కూర్చున్నాడు.

"ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి బర్నబాసూ. మీ కుసుమ అమ్మవారి కొలుపులో తళుకుబట్టలేసుకుని గంతులేసిందంట గదా."

"ఏసిందండి. మైకు నాదేనండి."

"మైకుదేముందయ్యా, అది ఇనపది. ఆడపిల్ల సంగతి అట్టా కాదు. సంఘం ముందు నిలబడి ఒప్పుకోమను. ఆ ఆదివారమే ప్రకటన చదివిస్తా."

"అంతేనాండి?"

"అంతే. నువ్వు నిలబడలా ఏంటి, కల్లు తాగొచ్చినప్పుడల్లా!"

అది నిజం. తప్పుచేసినవారిని ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం అందుకోనివ్వకుండా దూరం పెట్టడం, వారు సంఘం ఎదుట నిలబడి ఒప్పుకుంటే మళ్లీ చేర్చుకోవడం ఆ పేట చర్చి ఆచారం. కోతల కాలంలో కల్లు తాగి బర్నబాసు ఒకటికి రెండుసార్లు నిలబడ్డవాడే. పాస్టరుగారు అందించిన వాక్యం అప్పజెప్పేవాడు. జనం ఆహ్వానకీర్తన పాడేవారు. బయటికి వచ్చాక స్నేహితులు భుజం తట్టి, "మళ్లీ ఎప్పుడు నిలబడతావు?" అని నవ్వేవారు. మగవాడి తప్పుకు చర్చి గుమ్మం దాటగానే ఆయుస్సు తీరుతుంది. ఆడపిల్ల తప్పు ఆమెకంటె ముందు ఇంటికి చేరి కూర్చుంటుందన్న సంగతి బర్నబాసుకు తోచలేదు. అదే అతను చేసిన పొరపాటు.

"అయిదు నిమిషాలు కళ్లు మూసుకుంటే అయిపోద్దమ్మా" అన్నాడు కుసుమతో.

"నేనేం తప్పు చేశాను మామయ్యా?"

"తప్పని ఎవరన్నారు? ఆదాము పెళ్లి ఆగిపోద్దని. మాట తట్టుకుంటే నేను లేనూ, లేచొచ్చి అందిస్తాగా!"

ఆ ఆదివారం ఆమె తెల్లచీర కట్టుకుని బలిపీఠం ముందు నిలబడింది. కుడివైపు బల్లలమీద మగవారు, ఎడమవైపు చాపలమీద ఆడవారు. బర్నబాసుకు ఒకపక్క కాబోయే వియ్యంకుడు, మరొకపక్క దేవసహాయం.

"దేవునికిని, ఈ సంఘమునకును విరోధముగా..." అని మొదలుపెట్టింది. తరవాతి మాట రాలేదు. "విరోధముగా..." అన్నది మళ్లీ. కష్టమైన మాట కాదది. ఆదివారబడిలో అంతకంటె పెద్ద వాక్యాలు గుక్కతిప్పుకోకుండా చెప్పిన పిల్ల. కాని నోటికి వచ్చిన మాటకూ మనసు ఒప్పుకున్న మాటకూ మధ్య ఒక బీట ఉంటుంది. ఆమె అక్కడ ఆగింది. "విరోధముగా..."

వెనకబల్లమీది కుర్రవాడెవడో, "ప్లేటు తట్టుకుందిరోయ్!" అన్నాడు. చాపల వైపునుంచి కొంగుల చాటున నవ్వులు లేచాయి. అందులో మంగాయమ్మ కొంగు కూడా ఉన్నది.

కుసుమ తల తిప్పి బల్లలవైపు చూసింది.

"మామయ్యా..."

కేక కాదు. పక్కన నిద్రపోతున్నవాళ్లు లేవకుండా ఒకరిని మాత్రమే లేపవలసినప్పుడు పిలిచే పిలుపు. అప్పటికింకా బాగా పనిచేస్తున్న బర్నబాసు చెవులకు అది స్పష్టంగానే వినిపించింది. వియ్యంకుడు అతనివైపు చూశాడు. బర్నబాసు తల వంచుకున్నాడు. మోకాలిమీద ఉన్న చెయ్యి మోకాలిమీదనే ఉంది, వేలు కదలలేదు.

చివరకు పాస్టరుగారే జాలిపడి మిగిలిన వాక్యం ఆమె బదులు చదివి ముగించారు. జనం కీర్తన పాడారు. ప్రకటన చదివారు.

కుసుమ ఇంట్లో ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఆదాము పెళ్లిలో విస్తళ్లు వేసింది, నీళ్లు తోడింది, పెళ్లికూతురి జడ తానే అల్లింది. పెళ్లివారు వెళ్లిన మర్నాడు తెనాలి బండి ఎక్కింది. కోటేశ్వరరావు మేళాన్ని మలయాలోని తెలుగు కూలీల సంఘంవారు పిలిచారు; ఆ మేళంతో ఓడెక్కింది. బర్నబాసు కొయ్యపెట్టె తెరిచి చూస్తే బీటపడ్డ ప్లేటు లేదు.

"పోతే పోయింది. పగిలిందేగా" అన్నది మంగాయమ్మ. ఆ పూట పొయ్యి ముందు కూర్చుని, పొగ లేకుండానే కళ్లు తుడుచుకున్నది.

ఆ ప్లేటును ప్రేమతో తీసుకువెళ్లిందా, ఇక నీ దగ్గర నాదంటూ ఏదీ ఉండకూడదని తీసుకువెళ్లిందా? బర్నబాసు ఆ ప్రశ్నను అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉన్నాడు.

కోటేశ్వరరావు మేళంతో తిరిగి వచ్చాడు, కుసుమ లేకుండా. రేపల్లె వచ్చి జరిగింది చెప్పాడు. రబ్బరు తోటల్లో ఆడి, చివరకు సింగపూరులో ఒక వినోదశాలలో ఆడారట. పాట అలవాటైన చోట తట్టుకుంది. ముల్లు ఎత్తేవాడు లేడు. కుసుమ ఆపకుండా అదే తిరుగుడు తిరుగుతూ ఉంటే, పక్కన విశ్రాంతిగా కూర్చున్న బ్యాండు కుర్రాళ్లు ఆ అర మాటను డప్పుమీదికీ గిటారుమీదికీ ఎత్తుకున్నారట. పూటపూటకూ జనం పెరిగారు. ఆ బ్యాండులో పాడే అమ్మాయికి జబ్బుచేస్తే కుసుమ చేతికి మైకు ఇచ్చారు.

"పాడిందా?" అన్నాడు బర్నబాసు.

"పాడిందా ఏంటి అన్నయ్యా! ఇంగ్లీషు ముక్క తెలీదు. చర్చి కీర్తన పాడినట్టు గొంతెత్తి పాడింది. తెల్లోళ్లు లేచి నిలబడ్డారు. నేను రమ్మంటే, 'నువ్వెళ్లు బాబాయ్, నాకక్కడ నిలబడే చోటు లేదు' అంది."

ఆ తరవాత వార్తలు వానచినుకుల్లా ఒక్కొక్కటే రాలాయి. ఒకరు తెచ్చిన పౌడరు డబ్బామీద ఆమె బొమ్మ. మద్రాసునుంచి వచ్చిన పత్రికలో హాంకాంగు వీధినిండా ఆమె పోస్టర్లు. టోక్యోలో పాఠశాల ఆడపిల్లలు ఆమెలాగా పాదం కొట్టి తిరుగుతున్న ఫొటో ఒకటి. పేటలోవారు ఇప్పుడామెను "మన కుసుమ" అనసాగారు. వెనకబల్లమీద నవ్వినవాళ్లే అందరికంటె బిగ్గరగా అన్నారు. బర్నబాసు మాత్రం అనలేదు. పెళ్లిళ్లలో హారను గొంతు కూడా మసకబారుతున్నదని అతనికి తెలుస్తూనే ఉంది. గుంటూరు డాక్టరు చెవికి యంత్రం తగిలించినా గుడగుడ తప్ప మాట తెలియలేదు. చివరకు మంగాయమ్మ పెదవులు మాత్రమే అతనికి మిగిలిన భాష.

డెబ్భయ్యారో సంవత్సరం ఎండాకాలంలో రాజారత్నం వచ్చాడు. బాపట్ల కుర్రవాడు, ఆదాము భార్యకు తమ్ముడు వరస, సరుకుల ఓడలో వంటవాడు. చొక్కాలమధ్య భద్రంగా పెట్టి తెచ్చిన చిన్న ప్లేటు ఒకటి బర్నబాసు చేతిలో పెట్టాడు. అట్టమీద కుసుమ, కుడిపాదం నేలకు కొట్టబోతూ.

మంగాయమ్మ ప్రశ్నలు వేసింది, జవాబులు పెదవులతో మొగుడికి అందించింది.

"కలిశావా అబ్బాయ్?"

"సింగపూర్లో కలిశానత్తా. తెలుగువాణ్ణంటే లోపలికి పంపించారు. రేపల్లెలో మైకుసెట్టు ఇంకా ఉందా అనడిగింది. ఉందన్నా. ఇది ఇచ్చింది."

"ఏమన్నా చెప్పమందా?"

"ఏమీ లేదు. 'వింటే తెలుస్తుంది మామయ్యకి' అంది."

ఆ మాటను మొగుడికి అందించడానికి మంగాయమ్మ పెదవులు చాలాసేపటికి గాని కదలలేదు.

బర్నబాసు తన పాత గ్రామఫోనువైపు చూడనైనా లేదు. ఆ ఉక్కుముల్లు ఈ మెత్తని ప్లేటును ఒక్క తిరుగుడులో గీసి పాడుచేస్తుంది. రేపల్లెలో కొత్త మిషన్లు లేకపోలేదు, వాటి ముళ్లను అతను నమ్మలేదు. బాపట్లలో శ్రీనివాసరావు అనే ఆయన రేడియో దుకాణంలో మేలైన మిషను ఉన్నదని రాజారత్నం అంటే, ముగ్గురూ బస్సెక్కారు. దారిపొడుగునా బర్నబాసు ప్లేటును తువ్వాలులో చుట్టి, బాలింత బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

శ్రీనివాసరావు ప్లేటు పెట్టాడు. వ్యవసాయ కళాశాల విద్యార్థులు పాట పోల్చుకుని గుమ్మంలోకి వచ్చారు. బర్నబాసు రెండు అరచేతులూ స్పీకరు గుడ్డమీద ఆనించి కళ్లు మూసుకున్నాడు. డప్పు తెలిసింది. దానికింద సన్నగా, కాలవ గట్టులో నీరు ఊరినట్టు, ఏదో వణుకు. గొంతు అయి ఉంటుందనుకున్నాడు. అంతలో వేళ్లకింద ఒక దెబ్బ దగ్గర ఆగింది. మళ్లీ అదే దెబ్బ. మళ్లీ అదే.

అతని కుడిచెయ్యి తనంతట తానే లేచి, చిటికెనవేలు చాచి, ముల్లువైపు వెళ్లింది.

"ఆగండాగండి!" శ్రీనివాసరావు చెయ్యి పట్టుకున్నాడు. "ప్లేటు బాగానే ఉందండీ. పాటే అంత!"

"లోకమంతా కాళ్లు కొట్టేది ఇక్కడే మామా" అన్నాడు రాజారత్నం. విద్యార్థులు అప్పటికే కొడుతున్నారు.

అప్పుడు మంగాయమ్మ చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. బర్నబాసు చూశాడు.

"ఏంటే? ఏమంది?"

మంగాయమ్మ చెయ్యి తీసి, పెదవులు కనబడేటట్టు చెప్పింది. "'మామయ్యా, తియ్యి' అంది."

"తెలుగులోనా?"

"మన మాటే."

"ఎట్టా అంది? నవ్వుతానా?"

భార్యలు అబద్ధమాడితే దేవుడు తప్పుపట్టని సమయాలు కొన్ని ఉంటాయి. ఇది అటువంటిదే. కాని ఆ రోజు చాపమీద కూర్చుని కొంగుచాటున నవ్విన మనిషికి ఈ రోజు అబద్ధం నోట రాలేదు.

"చర్చిలో పిలిచిందే... అట్టా."

స్పీకరుమీద ఉన్న ఎడమచేతికింద పాట మళ్లీ నడుస్తున్నట్టు తెలిసింది.

"మరి ముల్లు ఎవరు తీశారు?"

"ఎవరూ తియ్యలా" అన్నది మంగాయమ్మ. "తనే దాటింది."

విద్యార్థులు వన్స్‌మోర్ అన్నారు. శ్రీనివాసరావు మళ్లీ పెట్టాడు. ఈసారి బర్నబాసు చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మరుసటి ఆదివారం ప్రసంగం ముగిశాక, ఎవరూ పిలవకుండానే బర్నబాసు లేచి బలిపీఠం ముందు నిలబడ్డాడు. ముసలివాడైన దేవసహాయం, "ఏంటి బర్నబాసూ, ఈ వయసులో మళ్లీ కల్లా?" అన్నాడు. చర్చి నవ్వింది. బర్నబాసుకు అది వినపడలేదు. చెవిటివారు మాట్లాడినట్టే, అవసరానికి మించిన గొంతుతో మొదలుపెట్టాడు.

"దేవునికిని, నా మేనకోడలు కుసుమకుమారికిని విరోధముగా నేను పాపము చేసితిని. ఇదే చోట నిలబడి నన్ను పిలిచింది. వినపడింది. లేవలా."

నవ్వు ఆగిపోయింది. ఒప్పుకోలు తరవాత జనం ఆహ్వానకీర్తన పాడాలి, పాడితేనే క్షమించినట్టు. బర్నబాసు వారి పెదవులవైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక్క పెదవీ కదలలేదు. సంఘానికి చేసిన తప్పును సంఘం క్షమించగలదు గాని, ఎక్కడో సముద్రాలకవతల ఉన్న పిల్లకు చేసినదాన్ని ఆమె బదులు వీళ్లెట్లా క్షమిస్తారు? అందుకు కీర్తన లేదు. పాస్టరుగారు పుస్తకం తెరిచి, మళ్లీ మూశారు.

చాపల వైపునుంచి మంగాయమ్మ లేచి వచ్చి, మొగుడి పక్కన నిలబడింది. కొంగు తలమీద లేదు; ముఖం అందరికీ కనబడుతూనే ఉన్నది.

అంతలో తెనాలి బండి వచ్చింది. దాని కూత అందరికీ వినిపించింది. బర్నబాసుకు మాత్రం అది అరికాళ్లకింద సన్నని వణుకై తెలిసింది. మామూలుగా ఆ వేళకు అతని చూపు గుమ్మంవైపు పరుగెత్తేది. ఈసారి అతను తల తిప్పలేదు.